మూత మీద కూర్చున్నవాళ్ళు

రాత్రి నానబోసిన చింతగింజలు తెల్లవారేసరికి ఉబ్బి ఉన్నాయి. నీలమ్మ వాకిట్లో రోటి పక్కన కూర్చుని ఒక్కో గింజను వేళ్ళ మధ్య నలిపి, పొట్టు జార్చి, లోపలి తెల్లటి పప్పును సత్తు గిన్నెలో వేస్తోంది. ముందురోజే పెనం మీద వేయించి నీళ్ళలో పోసినా కొన్ని గింజలు మొండికేస్తాయి. వాటిని గోటితో గీకాలి. అందుకే ఆమె బొటనవేళ్ళ గోళ్ళు ఎప్పుడూ సగానికి అరిగిపోయి, అంచులకు చింతపొట్టు రంగు పట్టి ఉంటాయి. పండుగకు గోరింటాకు పెట్టుకున్నా ఆ రంగు మీద ఎరుపు ఎక్కదు.

ఆ పప్పును రుబ్బి, ఉడికించి, తీగ సాగేదాకా కలియబెడితే బంక అవుతుంది. అందులో రంపపు పొట్టు కలిపి పెట్టెల సందుల్లో కూరుతారు. పట్నంలో వడ్రంగం చేసే వడ్లవాళ్ళు తోళ్ళు ఉడికించి తీసిన సరేసు బంక కొనుక్కుంటారట. జంధ్యం వేసుకునే ఇంట్లోకి తోలు వాసన రాకూడదని అత్త నర్సింహమ్మ కట్టు పెట్టింది. మడి అత్తది, రుబ్బుడు కోడలిది. రుబ్బడం అయ్యాక పొయ్యి దగ్గర గంటె తిప్పుతూ నిలబడాలి. అది అయ్యాక పెట్టె పలకలను గరుకు గరుకుగా ఉండే బర్రెంక ఆకుతో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి, కానుగ నూనె పట్టించాలి. అమావాస్యనాడు వడ్లవాళ్ళు పనిముట్లు ముట్టరు. ఆ రోజు భర్త గోపయ్య తిని పడుకుంటాడు. చింతగింజలు పనిముట్లలో లెక్క కాదు కాబట్టి నీలమ్మకు అమావాస్య లేదు. ఎప్పుడైనా నడుము పట్టేసిందని అంటే, "ఏం జేస్తున్నవే నువ్వు, కూసోని గింజలు ఒలుసుడేనాయె" అంటాడు గోపయ్య. కోపంగా అనడు. ఎండ కాస్తోంది అన్నట్టు అంటాడు.

ఇబ్రహీంపట్నం చుట్టూ వడ్ల గోపయ్య చేసిన సందుగ పెట్టెలో చీమ కూడా దూరదని పేరు. ఆ ఏడు ఆ పేరుకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. లెవీ గింజల కోసం సర్కారు మనుషులు పాతరలు తవ్విస్తున్నారు. సంఘపోళ్ళకు అన్నం పెట్టారని ఒకరోజు ఒక ఇల్లు, ఇంకోరోజు ఇంకో ఇల్లు సోదా చేస్తున్నారు. జనం పట్టుచీరలు, ఇత్తడి సామాను, విత్తనపు గింజలు పెట్టెల్లో సర్ది పశువుల కొట్టాల్లో పాతుకుంటున్నారు. మట్టిలోకి పోయే పెట్టెకు వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. సందు ఉంటే తేమ పోతుంది, తేమ వెనకే చెద పోతుంది.

ఆ సందు కనిపెట్టడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెట్టె బిగించడం అయ్యాక దాన్ని వాకిట్లో ఎండలో పెడతారు. లోపల ఒక మనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పైన మూత వేస్తారు. చీకట్లో ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ లోపలి మనిషి చీపురు పుల్ల గుచ్చాలి. పుల్ల బయటికి పొడుచుకొచ్చిన చోటల్లా గోపయ్య బొగ్గుతో గుర్తు పెట్టుకుని బంక కూరుతాడు. ఆ లోపలి మనిషి నీలమ్మ. పదకొండేళ్ళప్పుడు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన వారానికే ఆమెను మొదటిసారి కూర్చోబెట్టారు. అంతకు ముందు ఆ పని నర్సింహమ్మది. మూత పడగానే నీలమ్మ ఏడ్చింది. "అలవాటయితదిలే" అంది అత్త పైనుంచి.

నిజంగానే అలవాటయింది. అలవాటు కావడమే కాదు, ఏళ్ళు గడిచేకొద్దీ ఆమెకు ఆ ఇంట్లో కాసేపు కూర్చోగలిగిన చోటు అదొక్కటే అయింది. మూత పడితే నీళ్ళు అడిగేవాళ్ళు ఉండరు. పొయ్యి ఆరిపోయిందని కేక వేసేవాళ్ళు ఉండరు. కొత్త కర్ర వాసనలో, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, వెలుగు కోసం చూస్తున్నట్టుగా ఆమె ఊరికే ఉండేది. ఒక్కోసారి రెండు సందులు కనిపించినా వెంటనే పుల్ల గుచ్చేది కాదు. ఒకటి చెప్పి, ఊపిరి పీల్చుకుని, కొంతసేపటికి రెండోది చెప్పేది. ఆమె దొంగతనంగా సంపాదించుకున్న విశ్రాంతి అంతే. కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెల దాకా కూర్చుంది. ఆ కాన్పు నిలవలేదు. తర్వాతి కాన్పూ నిలవలేదు. వాటికీ పెట్టెకూ సంబంధం ఉందా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగితే జవాబు తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఎవరున్నారని?

శ్రావణంలో రేణుక వచ్చింది. రేణుక గోపయ్య చెల్లెలు సత్తమ్మ పెద్దకూతురు, పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళది మంచాల. సత్తమ్మ భర్త యాదయ్య అక్కడ రైతులకు నాగళ్ళు చేసి బతుకుతాడు. రజాకార్లు మంచాల వైపు వచ్చిన రోజు యాదయ్య పిల్లను ఇంట్లో గింజలు పోసుకునే పాతరలో దించి పైన బండ కప్పాడు. వాళ్ళు ఊరు దాటిపోయేదాకా తీయలేదు. తీశాక ఒక రోజంతా పిల్లకు మాట రాలేదట. ఇబ్రహీంపట్నంలో అయితే ఠాణా ఉంది, నలుగురు మనుషులు ఉన్నారని తెచ్చి మేనమామ ఇంట్లో దించిపోయాడు.

వచ్చిన కొత్తలో పిల్ల తలుపు మూస్తే నిద్రపోయేది కాదు. వానజల్లు పడుతున్నా నీలమ్మ తలుపు వారగా తెరిచి, ఆ పిల్లను తన కొంగు కింద పడుకోబెట్టుకునేది. నాలుగు రోజులకు రేణుక చింతగింజలు ఒలవడం నేర్చింది. గింజ తన వేళ్ళలోంచి ఎగిరి కోడి ముందు పడితే నవ్వేది. ఆ ఇంట్లో ఆ పని చేస్తూ ఎవరైనా నవ్వడం నీలమ్మ అదే మొదటిసారి చూడడం. "అత్తా, నేను ఈడనే ఉంట. మా ఇంట్ల చెల్లెండ్లు తన్నుకుంట పండుకుంటరు, నీ పక్కన మంచిగుంది" అంది ఒకరోజు. నీలమ్మ నవ్వింది.

భాద్రపదంలో వినాయకచవితి వెళ్ళిన వారానికి ఆకాశంలో విమానాలు తిరిగాయి. జనం ఇళ్ళలోంచి కదల్లేదు. ఆ తర్వాత యూనియన్ మిలిటరీ లారీలు పట్నంలోకి వచ్చాయని, నిజాం లొంగిపోయాడని, రాజ్యం మారిందని తెలిసింది. బజారులో మనుషులు ఒకరినొకరు వాటేసుకున్నారు. మొన్నటిదాకా మీసం మెలేసినవాళ్ళు మూల దాక్కున్నారు, మూల దాక్కున్నవాళ్ళు వీధిలో నడిచారు. పాతిపెట్టిన పెట్టెలు బయటికి తీస్తున్నారు, ఇక గిరాకీ తగ్గుతుందని నీలమ్మ అనుకుంది. తగ్గలేదు. ఇప్పుడు తురకల గల్లీ నుంచి అడిగారు. ఒక మధ్యాహ్నం బురఖాలో ఒకామె వచ్చి, సిద్ధంగా ఉన్న పెట్టెను అరచేత్తో తడిమి, ఉన్నట్టుండి దాని మీద కూర్చుని ఏడ్చింది. ఎక్కడికి పోతున్నారో చెప్పలేదు. నీలమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పెట్టె కావలసినవాళ్ళు మారారు, అంతే. రాజ్యం మారిందట గదా అత్తమ్మా అంటే, "రాజ్యం ఎవలదైతే ఏంది, గింజలు నానవెయ్యి" అంది నర్సింహమ్మ.

రోడ్లు నిమ్మళించాక యాదయ్య వచ్చాడు. అతను వచ్చే సమయానికి నీలమ్మ పెట్టెలో ఉంది. మూత అప్పుడే పడింది. ఎడమవైపు కింది మూలలో సన్నటి వెలుగు గీత కనిపించింది. కొంచెం ఆగి పుల్ల గుచ్చుదామని ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. అంతలో బయట యాదయ్య గొంతు, గోపయ్య గొంతు. రా బావా, కూసో అన్నమాట వినపడింది. తల మీద మూత కిర్రుమంది. మూత అంచున ఉన్న కాస్త మసక వెలుతురు కూడా పోయింది. ఒకరు కూర్చున్నారు. పక్కనే ఇంకొకరు కూర్చున్నారు.

మొదట ఆమెకు నవ్వొచ్చింది. గుర్తొచ్చి లేస్తారులే అనుకుంది. నర్సింహమ్మ కాళ్ళ కడియాల చప్పుడు వచ్చి పెట్టె పక్కనే ఆగింది. మంచాల సంగతులు, కాలిన కొట్టాల సంగతులు మాట్లాడుకున్నారు. ఇక భయం లేదు కదా, పిల్లను తోలుకపోదామని వచ్చానని, సత్తమ్మ రంది పెట్టుకుని అన్నం తింటలేదని యాదయ్య అన్నాడు.

"తోల్కపోయి ఏం జేస్తవ్? ఇయ్యాల గాకున్న రేపైన ఎవనికో ఒగనికి ఇయ్యాల్సిందేనాయె. మేనమామ ఉండంగ బయటి సంబంధమెందుకు?" అంది నర్సింహమ్మ.

అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. బీడీ వాసన సందులోంచి లోపలికి వచ్చింది.

"అమ్మ జెప్పింది గూడ నిజమే బావా. నీలకు సేతగాకొచ్చింది. లావయింది, మోకాళ్ళు మూతకు తాకుతున్నయ్. చిన్నదైతే ఇంకో పదేండ్లు పడ్తది పెట్టెల" అన్నాడు గోపయ్య.

"నీలక్క ఏమంటదో మరి" అన్నాడు యాదయ్య.

"దాన్దేముంది. అను అంటె అంటది."

నీలమ్మ చేతిలో చీపురు పుల్ల అలాగే ఉంది. చెయ్యెత్తి మూతను ఒక్కసారి తడితే చాలు, ముగ్గురూ ఉలిక్కిపడి లేచేవాళ్ళు. తర్వాత పడీ పడీ నవ్వేవాళ్ళు. ఊరంతా చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆమె తట్టలేదు. వాళ్ళు కావాలని కూర్చుని ఉంటే ఆమెకు కోపం వచ్చేది. కోపానికైనా కాస్త బలం ఉంటుంది. వాళ్ళు కావాలని కూర్చోలేదు. తాళి కట్టినవాడే ఆమెను లోపల కూర్చోబెట్టి మూత వేసి, బీడీ ముట్టించినంత సేపట్లో మరిచిపోయి ఆమె నెత్తి మీద కూర్చుని ఆమె సంగతే మాట్లాడుతున్నాడు. దానికి ఏమనాలో ఆమెకు తోచలేదు. గాలి చాలడం లేదు. మూలనున్న ఆ సన్నటి వెలుగు వైపు ముక్కు పెట్టి ఊపిరి తీసుకుంది. ఒళ్ళంతా అలసట. ఇన్నేళ్ళ రుబ్బుడూ ఒక్కసారిగా భుజాల మీదికి వచ్చినట్టు ఉంది. ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది.

యాదయ్య కాళ్ళు కడుక్కోవడానికి లేచాక గోపయ్యకు గుర్తొచ్చింది. మూత ఎత్తాడు.

"ఇంక లోపల్నే ఉన్నవా? సప్పుడు జెయ్యవేందే? యాడన్న ఎలుగు వడ్తుందా?"

"పడ్తలేదు" అంది నీలమ్మ.

భర్తతో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ పెట్టె అలాగే పోయింది. దాని వల్ల గోపయ్య పేరు చెడలేదు, ఆకాశం విరిగి పడలేదు. యాదయ్య పిల్లను తీసుకుపోకుండానే, దసరాకు మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

వాళ్ళ కులంలో ఒక కట్టు ఉంది. పెద్దభార్య బతికుండగా చిన్నదాన్ని తెచ్చుకోవాలంటే, పెద్దది కులపెద్దల ముందు తన నోటితో సమ్మతే అనాలి, తన చేత్తో ఆ పిల్లకు బొట్టు పెట్టాలి. కాదు అంటే పెళ్ళి లేదు. కాదన్న ఆడదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. ఆ కట్టు ఉంది కాబట్టి గోపయ్య గొంతు మారింది. తినేటప్పుడు నువ్వు తిన్నవా అని అడిగాడు. నీ సుఖం కోసమే గదా అన్నాడు. నువ్వు పెద్దదానివై కూర్చో, అది చేస్తుంది అన్నాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట సుఖం అనే మాట ఆమె వినడం అదే మొదలు.

పక్కింటి బుగ్గమ్మ గోడ మీంచి చూస్తూనే ఉంటుంది. ఒకనాడు బంక గిన్నె దించుతుంటే వచ్చి దగ్గర కూర్చుంది. నీలమ్మ అరచేతులు తిప్పి చూసింది.

"ఒప్పుకోరాదే. నువ్వు ఒప్పుకోకుంటె వీడేమన్న ఊకుంటడా? వేరేదాన్ని తెస్తడు, అదొచ్చి నీ సిగ పడ్తది. గీ పిల్లయితే నీ చేతి కింద పెరుగుతది. రుబ్బుడు దానికి ఒప్పజెప్పి నువ్వు జర నడుము వాల్సుకో."

బుగ్గమ్మ చెడ్డ మాట చెప్పలేదు. ఆ మాటలోని రుచి నీలమ్మకు తెలిసింది. రుబ్బుడు లేని ఉదయం ఎలా ఉంటుందో ఆమె ఊహించుకుంది. లేచి ముఖం కడుక్కుని వాకిట్లో ఊరికే నిలబడవచ్చు. మోకాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. గోళ్ళు పెరుగుతాయి. పిల్ల మంచిది, మాట వింటుంది, తనంటే ప్రాణం పెడుతుంది. తాను కష్టపెట్టదు. అత్త తనను చూసినట్టు తాను చూడదు. ఇలా అనుకుంటూ ఉంటే మనసు ఒక్కో మెట్టూ దిగుతూ అటువైపే పోతోంది. రోజూ మాపటికి ఆమె ఎంత అలసిపోయేదంటే, సరే అనడం కన్నా సులువైన పని లోకంలో ఇంకొకటి ఉన్నట్టు కనిపించేది కాదు. సమ్మతే. ఒక్క మాట. ఆ మాట అనేసి పడుకోవచ్చు.

దసరా దగ్గర పడ్డ రోజుల్లో పెద్ద పెట్టె ఒకటి పూర్తయింది. నీలమ్మ కొంగు దోపుకుని కూర్చోబోతే నర్సింహమ్మ ఆపింది. పిల్లను కూర్చోబెట్టి చూద్దాం అంది. రేణుక ఆటగానే దిగింది. చేతిలో చీపురు పుల్ల పట్టుకుని, వెలుగు ఎక్కడుంటే అక్కడ గుచ్చాలి గదా మామా అని అడిగింది. గోపయ్య మూత వేశాడు.

తర్వాత లోపలినుంచి వచ్చింది ఏడుపు కాదు. దూడను బురదలోంచి లాగేటప్పుడు అది తీసే మూలుగు లాంటిది. ఆ వెనకే గోళ్ళతో చెక్కను గీకుతున్న చప్పుడు. నీలమ్మ పరిగెత్తి మూత ఎత్తింది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడడం లేదు. లంగా తడిసింది. ఆమె ఎత్తుకుంటే ఆ చిన్న వేళ్ళు ఆమె మెడ చుట్టూ బిగుసుకుపోయాయి.

"అలవాటయితది. నీల గూడ గిట్లనే ఏడ్సింది, ఇప్పుడు లోపల కూసోని కునికిపాట్లు పడ్తది" అంది నర్సింహమ్మ.

గోపయ్య పెట్టెలోకి వంగి చూశాడు. పలక మీద గోటి గీతలు పడ్డాయి. అతను ముఖం చిట్లించి, ఆకుతో రుద్దితే పోతాయిలే, మాపటివరకు రుద్దిపెట్టు అన్నాడు.

నీలమ్మ పిల్లకు స్నానం చేయించి, అన్నం తినిపించి, వాకిట్లో కోడి పక్కన కూర్చోబెట్టి వచ్చింది. బర్రెంక ఆకులు తడిపి పెట్టెలోకి వంగింది. గీతలు లోతుగా లేవు. ఆమెకు తెలిసిన పనే. చెయ్యి దానంతటది రుద్దుతోంది. రుద్దుతూ రుద్దుతూ ఉండగా తాను గీకిన గీతలను ఎవరు రుద్ది ఉంటారా అని తోచింది. అప్పుడు తాను కూడా గీకింది. ఆ సంగతి ఇన్నేళ్ళూ గుర్తు లేదు. రుద్దింది అత్తే అయి ఉంటుంది. ఆమె తల తిప్పి చూసింది. నర్సింహమ్మ అరుగు మీద కూర్చుని, సాగని మోకాళ్ళను రెండు చేతులతో పిసుక్కుంటోంది. ఆ మోకాళ్ళు ఎందుకు సాగవో ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ముసలితనం అన్నారు. నర్సింహమ్మ గీకిన గీతలు రుద్దిన ఆమె ఎప్పుడో పోయింది. ఇప్పుడు తాను రుద్దుతోంది. తర్వాత ఈ పిల్ల ఇంకెవరి గీతలో రుద్దుతుంది, రుద్దుతూ అలవాటయితది అంటుంది. అలవాటు కావడమే అన్నిటికన్నా ఘోరమని నీలమ్మకు ఆ పెట్టె మీద వంగి ఉన్నప్పుడు తెలిసింది. తాను పిల్లను కష్టపెట్టకపోవచ్చు. మూత తన చేత్తోనే వేయాలి కదా.

మాపటికి గీతలు పోయాయి. పలక నున్నగా, ఏమీ జరగనట్టు ఉంది.

దసరానాడు గోపయ్య పనిముట్లన్నీ కడిగి పీట మీద వరసగా పెట్టాడు. బాడిసకు, ఉలులకు, రంపానికి, చిత్రికకు పసుపు రాసి బొట్లు పెట్టాడు. నీలమ్మ హారతి అందించింది. మరునాడు ఉదయం జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని కులపెద్ద నారయ్య, ఆయనతో మరో ఇద్దరు పెద్దలు వచ్చారు. మంచాల నుంచి యాదయ్య వచ్చాడు. సత్తమ్మ రాలేదు. వదిన ఏమంటే నాకదే అని చెప్పి పంపిందట. చాప పరిచారు. నర్సింహమ్మ కుంకుమ భరిణ తెచ్చి నీలమ్మ చేతికిచ్చింది. రేణుక కొత్త గాజులు వేసుకుని లోపలి తలుపు వెనక నిలబడింది. అందరూ తన గురించి వచ్చారని దానికి తెలుసు, దేనికో సరిగ్గా తెలియదు. నీలత్త దగ్గరే ఉండిపోతానని మాత్రం ఎవరో చెప్పారు. దానికి సంతోషంగా ఉంది.

నారయ్య ముసలివాడు, మెత్తని మనిషి. గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా నీలమ్మా, సంగతి నీకెరుకే. నీకు సమ్మతేనా? నీ నోటితోని అనాలె."

నీలమ్మ భరిణ వైపు చూసింది. ఎన్నో రోజులుగా ఆమె ఈ క్షణానికి మాటలు వెతుక్కుంటోంది. పిల్ల భయపడుతోంది అంటే అలవాటయితది అంటారు. పిల్ల చిన్నది అంటే నువ్వు వచ్చినప్పుడు ఎంతదానివి అంటారు. పెట్టెలో కూర్చునే పని మంచిది కాదంటే మా అమ్మ కూర్చోలేదా అంటాడు ఆయన. ఏ మాటకైనా వాళ్ళ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఆ జవాబుల మధ్య తాను ఎంతసేపో నిలబడలేదు, అంత బలం ఆమెకు లేదు. జవాబు లేని మాట ఒక్కటే ఉంది. అది అంటే నోరు మూసుకుంటారు. పెళ్ళి ఆగుతుంది. దాంతోపాటు తన పరువు పోతుంది. పరువు అంటే ఏముందిలే, గోపయ్య పెళ్ళాం నెమ్మదస్తురాలు అనే మాటే కదా అనుకుంది. తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. పిల్ల వింటోందని తెలుసు.

"నాకు సమ్మతి లేదు తాతా."

"ఎందుకు బిడ్డా?" అన్నాడు నారయ్య.

"ఈ ఇంట్ల నాకు ఇంకో ఆడది వద్దు. ఆ పిల్లను నేను సూడలేను. తోల్కపొమ్మను."

నర్సింహమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోపయ్య ముఖంలోకి నెత్తురు వచ్చింది. ఏదో అనబోయాడు. నారయ్య చెయ్యెత్తి ఆపాడు. ఇన్నాళ్ళు కొంగు కింద పడుకోబెట్టుకున్న పిల్ల మీద ఇంత కండ్లమంటనా అని ఒక పెద్దాయన తనలో తాను అన్నట్టుగా అన్నాడు. కడుపు పండని ఆడదాని మనసు అంతేనని ఇంకొకాయన అన్నాడు. గొడ్డుదాన్ని ఇన్నేండ్లు కూర్చోబెట్టి తిండి పెట్టామని నర్సింహమ్మ మొదలుపెట్టింది. నీలమ్మ వింటూ ఉంది. ఏదీ కాదనలేదు. కట్టు కట్టే, పెద్దది కాదన్నాక ఇక మాట్లాడేది లేదని నారయ్య లేచాడు. పోతూ పోతూ ఆమె వైపు చూసిన చూపులో జాలి లేదు. పెద్దల వెనక గోపయ్య గుమ్మం దాకా పోయి, వాళ్ళకు ఏదో సర్దిచెబుతూ అక్కడే నిలబడిపోయాడు.

యాదయ్య ఎటూ చూడకుండా, సామాను సర్దుకో బిడ్డా అన్నాడు. అతని గొంతులో కోపం ఉందో, బరువు దిగిందో తెలియలేదు.

రేణుక లోపలికి పోయి తన రెండు లంగాలు మూట కట్టుకుంది. గాజులు తీసి గూట్లో పెట్టింది. పిల్ల బయటికి వచ్చేసరికి నీలమ్మ వాకిట్లో రోటి దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి పిలిచి తలమీద చెయ్యి పెట్టాలని, చెవిలో ఒక్క మాట చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. గోపయ్య గుమ్మంలోంచి చూస్తున్నాడు. నర్సింహమ్మ అరుగు మీంచి చూస్తోంది. ఆ మాట బయటికి వస్తే, ఈ పొద్దు నిలబెట్టినదంతా కూలిపోతుంది. నీ మనసులో లేనిదే అన్నావన్నమాట అంటారు. మళ్ళీ చాప పరుస్తారు. ఎప్పుడో, సత్తమ్మకు తోచి చెబితే, పిల్ల పెద్దదై తన ఇంట్లో తాను కూర్చున్న రోజున, తెలిస్తే తెలుస్తుంది. తెలియకపోయినా సరే.

రేణుక మూటను రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. నీలమ్మ పక్కనుంచి పోతున్నప్పుడు, ఆమె చీర కూడా తగలకూడదన్నట్టు ఒళ్ళు పక్కకు తిప్పుకుంది. తలెత్తలేదు. గుమ్మంలో మేనమామ చేయి చాపినా ఆగలేదు. గడప దాటి, తండ్రి వెనకాల మంచాల తోవ పట్టింది.